మూడు కాళ్ల బండి

ఏటీవీ అంటే మనలో చాలామందికి తెలిసింది రిసార్టుల్లో ఉండే బండే. అనంతగిరి గుట్టల వైపో మరెక్కడికో వెళ్లి, టికెట్ కొని, హెల్మెట్ పెట్టుకుని, పాత టైర్లు పేర్చిన మట్టి ట్రాకు మీద నాలుగు రౌండ్లు కొట్టి, ఫొటో దిగి, బట్టలు దులుపుకుని వచ్చేస్తాం. ఆఫీసు వాళ్లతో నేనూ వెళ్లాను. మట్టి పోసి కట్టిన చిన్న గుట్ట ఒకటి ఉంటుంది. దాన్ని ఎక్కేటప్పుడు అక్కడి కుర్రాడు "సార్, ముందుకు వంగండి, ముందుకు!" అని అరుస్తుంటాడు. ఏటీవీ శాస్త్రంలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది. బండి రెండు మూడొందల కిలోలు, మనిషి డెబ్బై కిలోలు. మనిషి వంగితే మొత్తం బరువు నిజంగానే ముందుకు జరుగుతుంది. ఎత్తు ఎక్కుతుంటే ముందుకి, దిగుతుంటే వెనక్కి, వాలుకి అడ్డంగా పోతుంటే పైవైపుకి వంగాలి. నడిపేవాడి ఒళ్లు కూడా బండిలో ఒక పార్టే.

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డ లక్షల మందిలో నేనొకణ్ణి. నాలుగేళ్ల ఇంజనీరింగులో చేతికి గ్రీజు అంటిన పని నాకు ఒక్కటే దొరికింది, అది బాజా. స్టూడెంట్లు ఒక్క సీటు బగ్గీ తయారుచేసుకుని పోటీకి పట్టుకెళ్తారు. మన దేశంలో 2007లో మొదలైంది, ఇండోర్ పక్కన పీతంపూర్‌లో జరిగేది. అందరికీ ఒకటే ఇంజను, పది హార్స్‌పవర్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్. దాన్ని ముట్టుకోకూడదు. కాబట్టి తెలివంతా మిగతా చోట్ల చూపించాలి. బరువు ఎక్కడ పెట్టాలి, చక్రాలు ఎంత వెడల్పుగా పెట్టాలి, టైర్లలో గాలి ఎంత ఉంచాలి. హిల్ క్లైంబ్ ప్రాక్టీసులో మా బగ్గీ ముక్కు పైకి లేచేది. ఇంజను వెనక, డ్రైవరు ఇంచుమించు దాని ఒళ్లో. సీటు నాలుగంగుళాలు ముందుకీ, రెండంగుళాలు కిందికీ జరిపితే లేవడం తగ్గింది. ఇంజను అదే, టైర్లు అవే, మనిషీ అతనే. ఆ నాలుగంగుళాలకి ఎంత ఆనందపడ్డామో, ఉద్యోగంలో ఏ రిలీజుకీ నేను అంత ఆనందపడలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంది. హిల్ క్లైంబు కంటే ముందు రోల్ కేజ్ పరీక్ష ఉండేది. డ్రైవరు చుట్టూ ఉండే పైపుల పంజరం అది. పైపు మందం కొలుస్తారు, వెల్డింగ్ నమూనా అడుగుతారు, హెల్మెట్‌కీ పైపుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి చూస్తారు. అందులో పాసవ్వని బండి ట్రాకు మొహం చూడదు. బండి ఎంత బాగా ఎక్కుతుందో తర్వాత చూద్దాం, బోల్తా పడితే లోపలివాడు బతుకుతాడా ముందు చెప్పండి అన్నట్టు. అప్పట్లో అది మాకు ఉత్త చాదస్తంగా కనబడేది.

మా ఊరు నిడమనూరు. అక్కడ ఏటీవీలు లేవు, ఎక్కడానికి చెప్పుకోదగ్గ కొండలూ లేవు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ప్రాజెక్టుకి పునాదిరాయి వేస్తే, 1967లో నీళ్లు వదిలారు. పొలానికి నీళ్లు వాటంతటవే పారాలంటే కాలువ పొలం కంటే ఎత్తులో ఉండాలి కదా. అందుకని మాకు వాలు అంటే కట్టే. మా వైపు బండ్లు ఎక్కి దిగే వాలు చాలావరకు మనిషి పోసిన మట్టి. మేజర్ కాలువ కట్ట, మైనరు కట్ట, దాని మీంచి పొలంలోకి దిగే చిన్న దారి. ఆ దారిలో రోజూ ఎక్కీ దిగే బండి ట్రాక్టరు. ఎగుడుదిగుడు నేల మీద నడవడానికే పుట్టిన బండి అని అర్థం చెప్పుకుంటే మా అసలైన ఏటీవీ అదే.

మా నాయినకి అరవై నాలుగు. ట్రాక్టరు నలభై అయిదు హార్స్‌పవర్‌ది, కొని పదిహేనేళ్లు దాటింది. ఇంకా తనే నడుపుతాడు. మొన్న యాసంగి కోతలప్పుడు ఫోన్ చేసి, వడ్ల రేటూ మబ్బుల సంగతీ అయ్యాక, మాటల మధ్యలో అన్నాడు. "ట్రాలీ కొక్కెం కట్ట అంచుకు తగుల్తుందిరా. వెల్డింగ్ షాపోనితోని జెర పైకి ఏపిస్తున్న."

"ఎంత పైకి నాయినా?"

"ఏమో, ఓ మూరెడు."

ఆ శుక్రవారమే బస్సెక్కాను.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. లెక్కలంటే పడనివాళ్లు రెండు మూడు పేరాలు ఓర్చుకోండి, లేదా దాటేయండి. దాటేస్తే మాత్రం నేను బస్సెందుకెక్కానో అర్థం కాదు.

బండి పక్కకి పడుతుందా లేదా అన్నది ముఖ్యంగా రెండు కొలతల మీద ఉంటుంది. చక్రాల మధ్య వెడల్పులో సగం ఒకటి, బరువు కేంద్రం ఎత్తు రెండోది. వెనక చక్రాల మధ్య 1.4 మీటర్లు, బరువు కేంద్రం నేలనుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో అనుకుంటే, 43 డిగ్రీల వాలు దాకా బండి నిలబడాలి. వినడానికి బాగానే ఉంది. మా కట్టల పక్కవాలు రెండుకి ఒకటి, అంటే 27 డిగ్రీలకి అటూఇటూ. బోలెడు తేడా ఉన్నట్టే.

కానీ ట్రాక్టరుకి నాలుగు చక్రాలున్నా నాలుగు కాళ్లు లేవు. ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. అట్లా ఊగాలి కూడా, లేకపోతే గట్టు దాటేటప్పుడు ఏదో ఒక చక్రం గాల్లో ఉంటుంది. కానీ ఆ ఊగుడు వల్ల, ఇరుసు పూర్తిగా వాలి అడ్డుకి తగిలేదాకా, ముందు చక్రాలు పక్కకి పడకుండా ఆపే పనిలో దాదాపు లేనట్టే. బండి నిలబడేది రెండు వెనక చక్రాలూ ముందు పిన్నూ కలిసిన ముక్కోణం మీద. నా కొలతలతో లెక్క మళ్లీ వేస్తే 43 కాస్తా 37కి దిగింది. ఇప్పుడు కిందివైపు చక్రం జానెడు గుంతలో పడి, పైవైపు చక్రం జానెడు గడ్డ ఎక్కిందనుకోండి. రెండూ కలిసి 18, 19 డిగ్రీలు. 27తో కలిపితే నలభై అయిదు. 37 దాటిపోయాం. ఇందులో వేగం లేదు, మలుపు లేదు, తడి మట్టి లేదు. నిదానంగా పోయే బండికే ఇది.

ఏటీవీల చరిత్ర మొదలైంది కూడా మూడు కాళ్లతోనే. 1970లో హోండా మూడు చక్రాల బండి తెచ్చింది. ముందొకటి, వెనక రెండు, మూడూ బుగ్గల్లాంటి మెత్తటి టైర్లు. జేమ్స్ బాండ్ కూడా ఒక సినిమాలో నడిపాడు, 1971 నాటి 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' అది. పిల్లలకి బొమ్మలాగా కనబడింది, కొనిచ్చారు, పిల్లలు మలుపుల్లోనూ వాలుల్లోనూ పడ్డారు, చాలామంది చనిపోయారు. చివరికి 1988లో అమెరికాలో కంపెనీలూ ప్రభుత్వమూ కోర్టు ముందు ఒప్పందం చేసుకుని మూడు చక్రాల ఏటీవీ అమ్మకాలు ఆపేశాయి. మిగిలింది నాలుగు చక్రాలదే. ఇవాళ గుట్టలెక్కే ఏటీవీకి ఏం చెయ్యాలని ఎవరినడిగినా చెప్పేవన్నీ ఆ ముక్కోణాన్ని వెడల్పు చేసే ఉపాయాలే. చక్రాలకి స్పేసర్లు వేసి బయటికి జరుపు, వెనక ర్యాకు మీద మూటలు పెట్టకు, టైర్లో గాలి కంపెనీ చెప్పినంతే ఉంచు.

ట్రాక్టరుకీ ఇందులో చాలా వర్తిస్తాయి. వెనక రిమ్ముల్ని తిప్పి బిగిస్తే చక్రాల వెడల్పు పెరుగుతుంది. మా దగ్గర సాళ్ల కోసం చేస్తారు గానీ కట్ట కోసం చేసినవాణ్ణి నేను చూళ్లేదు. టైర్లలో ముప్పాతిక వంతు నీళ్లు నింపితే ఒక్కో టైరుకి వంద లీటర్లకి పైనే పడతాయి. అంత బరువూ కిందే ఉంటుంది కాబట్టి బండి నేలని పట్టుకుంటుంది. ముందు బంపరుకి ఇనప వెయిట్లు తగిలిస్తే ముక్కు దిగుతుంది. బండి మొత్తం బరువులో అయిదో వంతైనా ముందు ఇరుసు మీద లేకపోతే స్టీరింగు తిప్పడం దండగ. బ్రేకు పెడళ్లు రెండుంటాయి, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. పొలంలో మలుపు కోసం విడిగా తొక్కుతారు. కట్ట ఎక్కే ముందు ఆ రెంటినీ కలిపే కొక్కీ వెయ్యకపోతే, కంగారులో ఒక్కటే తొక్కుతాం, బండి గిర్రున కాలువ వైపు తిరుగుతుంది. చిన్న ఇనప కొక్కీ. మా బండికి అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. శనివారం పొద్దున మొదట చేసిన పని దానికి ఆయిలు కొట్టడం.

ఇక కొక్కెం సంగతి. రెండు టన్నుల ట్రాక్టరు. చదును నేల మీద దాని బరువు ముందుభాగాన్ని ఎంత బలంగా కిందికి నొక్కి ఉంచుతుందో అది వంద అనుకుంటే, 15 డిగ్రీల వాలు ఎక్కుతున్నప్పుడు అది డెబ్బైకి దిగుతుంది. వెనక నాలుగు టన్నుల వడ్ల ట్రాలీ ఉంటే ఆ వాలులో వెయ్యి కిలోల బలంతో వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడు నేలకి 40 సెంటీమీటర్ల ఎత్తులో తగిలితే, డెబ్బైలోంచి ఇంకో ఇరవై ఏడు పోతుంది. మూరెడు పైకి లేపి 90 దగ్గర తగిలిస్తే అరవై పోతుంది. మిగిలేది పది. క్లచ్చు కొంచెం గట్టిగా వదిలినా, దారిలో చిన్న రాయి తగిలినా ఆ పది కూడా ఉండదు. అప్పుడు ట్రాక్టరు ముందుకి పోదు. వెనక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. నడిపేవాడి మీదికి.

ఇదంతా నాయినకి ఇట్లా చెప్పలేదు. కాటా మీద కర్ర పెట్టి చూపించాను. చూశాడు. "అంటే బండి ముందు తేలికైతది అంటవ్. అది నాకెర్కలేదా? లేస్తే క్లచ్చు తొక్కుత."

వ్యవసాయ భద్రత గురించి రాసేవాళ్లు తరచూ చెప్పే ఒక కొలత ఉంది. ముందు చక్రాలు నేల వదిలిన ముప్పావు సెకనులో ట్రాక్టరు ఇక వెనక్కి రాలేని చోటు దాటిపోతుంది. ఒకటిన్నర సెకనులో తలకిందులు. ఏదో జరుగుతోందని తెలిసి కాలు క్లచ్చు మీదికి పోయేసరికే ఆ ముప్పావు సెకను అయిపోతుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, మా పొలాలకి దమ్ము చేసే డ్రైవరన్న ఒకాయన ఉండేవాడు. నన్ను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. బాగా నడుపుతాడని ఊరంతా పేరు. ఒక రోజు బురదలో వెనక చక్రం దిగబడింది. ఎంత రేస్ చేసినా ఉన్నచోటే తిరుగుతోంది. అందరూ చేసేదే చేశాడు, చక్రం ముందు మొద్దు ఒకటి అడ్డం పెట్టి గొలుసుతో కట్టాడు. అట్లా కడితే చక్రం మొద్దు మీదికి ఎక్కి బయటికి వస్తుందని. చక్రం ఎక్కలేదు. ఇక జారడానికీ వీల్లేదు. ఇంజను బలం ఎటో ఒకటి పోవాలి కదా. నేను బళ్లో ఉన్నాను, చూళ్లేదు. సాయంత్రం గట్టు మీద మనుషుల్నీ, దమ్ము నీళ్లలో తలకిందులుగా ఉన్న కేజీవీల్సునీ చూశాను. "వాడి టైం బాగలేదు" అన్నారు అందరూ. మా నాయనమ్మ కూడా అదే మాట అంది.

చాలా ఏళ్ల తర్వాత, బాజా ప్రాక్టీసులో, జారుడు గుట్ట మీద చక్రాలు ఊరికే తిరుగుతుంటే సీనియర్ ఒకతను "తిరగనీ, మంచిదే, తిరిగినంతసేపు నువ్వు పడవు" అన్నాడు. నాకు అక్కడ నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే డ్రైవరన్న గుర్తొచ్చాడు. మనం పట్టునీ స్థిరత్వాన్నీ ఒకటే అనుకుంటాం. ఊళ్లో ట్రాక్టరు గొప్పదంటే ఎంత లాగుతుంది అనే. కేజీవీల్సు, డిఫరెన్షియల్ లాకు, కొత్త టైర్ల గాడులు, మొద్దులు, గొలుసులు, అన్నీ పట్టు పెంచేవే. అవి కావాలి కూడా, అవి లేకుండా దమ్ము సాగదు. కానీ జారే చక్రం ఒక ఫ్యూజులాంటిది. బండి మోయలేని బలం అక్కడ మట్టిలో పోతుంది. ఆ ఫ్యూజు పీకేసి తీగ చుట్టాక బలం చాసిస్‌ని లేపుతుంది. గుట్టలెక్కే ఏటీవీల్లోనూ అంతే. గాడులు ఎక్కువున్న టైర్లు వేసుకున్నవాడు, మామూలు టైర్లవాడు జారి ఆగిపోయే చోటు దాటి పైకి పోతాడు. అంటే వాడు పడేది ఇంకా నిలువుగా ఉన్న చోట, ఇంకా ఎత్తునుంచి.

"టైం బాగలేదు" అన్న మాట అప్పట్నుంచీ నాకు గుచ్చుకుంటూనే ఉంది. పేపర్ల భాషలో దీనికి ఇంకో రూపం ఉంది, "డ్రైవర్ నిర్లక్ష్యమే కారణమని స్థానికులు తెలిపారు." 2018 ఏప్రిల్లో మా జిల్లాలోనే పీఏ పల్లి మండలంలో కూలి పనికి పోతున్న ఆడవాళ్ల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడింది. అదే ఏడాది జూన్ 24న వలిగొండ మండలంలో ఇంకో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ కూలికి బయల్దేరిన ఆడవాళ్లే. ఆ వార్తలు నేను హైదరాబాదులో ఫోన్లో చదివాను. అన్ని చోట్లా డ్రైవరు గురించే. డ్రైవరు తప్పు ఉండదని కాదు. కానీ మన ట్రాలీ ఎట్లా ఉంటుందో చూడండి. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, చాలా వాటికి సొంత బ్రేకు లేదు. ఆపాల్సింది ముందున్న ట్రాక్టరే. మనుషులు నిలబడితే బరువు కేంద్రం వాళ్ల నడుముల ఎత్తుకి లేస్తుంది. కట్ట మీద దారి వెడల్పు బండికంటే రెండడుగులు ఎక్కువ, పక్కన రెయిలింగ్ లేదు. ఇన్నిట్లో ఏ ఒక్కటీ "నిర్లక్ష్యం" అన్న మాటలో ఇమడదు. అందులో ఇమిడేది స్టీరింగ్ పట్టుకున్న పిల్లాడొక్కడే.

ఇట్లాంటి వాదనని పుస్తకంగా రాసినవాడు రాల్ఫ్ నాడర్. 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్', 1965. మొదటి అధ్యాయం షెవర్లే కార్వెయిర్ అనే కారు మీద. ఇంజను వెనక ఉన్న కారది, మలుపుల్లో వెనక భాగం విసురుకుపోయేది. కంపెనీ ఇచ్చిన మందు ఏంటంటే ముందు టైర్లలో 15 పౌండ్ల గాలి, వెనక టైర్లలో 26 ఉంచుకోమని. అంటే కారు తిన్నగా పోవాలంటే పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడికి ఆ తేడా తెలిసుండాలి. మామూలు అలవాటు ప్రకారం అన్నిట్లో ఒకేలా కొట్టాడో, అయిపోయింది. డిజైనులో చెయ్యాల్సిన పనిని వాడేవాడి జ్ఞాపకశక్తికి అప్పజెప్పారని నాడర్ కోపం. పుస్తకంగా చూస్తే అది అంత సొంపైనది కాదు, లాయరు నోటీసులాగా దంచుతూ పోతాడు, కార్వెయిర్ విషయంలో కొంచెం ఎక్కువే దంచాడు. 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థే పరీక్షించి, ఆ కారు అప్పటి సాటి కార్లకంటే అధ్వాన్నం కాదని తేల్చింది. అయినా ఆ మొదటి అధ్యాయం చదివాక "ముందుకు వంగండి సార్" అనే మాట మునుపటిలా వినబడదు. రెండొందల యాభై కిలోల బండికి అది సలహా. రెండు టన్నుల ట్రాక్టరు మీద కూర్చున్న అరవై నాలుగేళ్ల మనిషి ఎంత వంగితే ఏం జరుగుతుంది?

స్వీడన్లో 1959 నుంచి కొత్త ట్రాక్టర్లన్నిటికీ బోల్తా రక్షణ కమ్మీ ఉండాలని చట్టం చేశారు. ప్రపంచంలో అదే మొదటిది. సీటు వెనక రెండు స్తంభాల ఇనప చట్రం, తర్వాతి కాలంలో దానికి తోడు సీటు బెల్టు. కొన్ని దశాబ్దాల్లో అక్కడ ట్రాక్టరు కింద నలిగి చచ్చిపోవడం దాదాపు ఆగిపోయింది. గమనించండి, ఆ కమ్మీ వల్ల ట్రాక్టరు నడక రవ్వంత కూడా బాగుపడదు. నిజానికి బరువు కేంద్రాన్ని ఒకట్రెండు సెంటీమీటర్లు పైకే లేపుతుంది. వాలు మీద స్థిరత్వం పెంచే ఉపాయాల జాబితాలో దానికి చోటే లేదు. ఆ ఉపాయాలన్నీ ఓడిపోయాక అది పనిలోకి దిగుతుంది. నా దగ్గర డబ్బులు ఒక్కదానికే ఉంటే, వెడల్పు రిమ్ములకీ ముందు వెయిట్లకీ కాకుండా దానికే పెడతాను. మా రోల్ కేజ్ పరీక్షల చాదస్తం అర్థమవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నాయిన ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరాలు వరసగా చెప్తాను, ఏదీ తీసిపారేసేది కాదు. షెడ్డు రేకులకి తగులుతుంది. బాయి దగ్గర వేప కొమ్మలకి తగులుతుంది. బెల్టు పెట్టుకుంటే గట్టు గట్టుకీ దిగి మడవ తియ్యడమెట్లా? అన్నిటికంటే పెద్దది, "ఊళ్లె ఒక్కనికన్న ఉందారా గది? నేను నడపరానోన్నా?"

షెడ్డుకి మడిచే రకం ఉందన్నాను. మడిచినప్పుడు బెల్టు పెట్టుకోకూడదు, లేపినప్పుడు తప్పకుండా పెట్టుకోవాలి, అదొక్కటే గుర్తుంచుకోమన్నాను. కమ్మీ లేకుండా బెల్టు కట్టుకుంటే బండితోపాటే కిందికి పోతాం. బెల్టు లేకుండా కమ్మీ ఉంటే బండి మనల్ని విసిరి మళ్లీ మన మీదే పడొచ్చు. "ఇన్ని గుర్తు పెట్టుకునేటోన్ని కట్టెక్కేది గుర్తుండదా" అన్నాడు. గాలి కొట్టే కుర్రాడి మీద నాడర్ పడ్డ బాధ ఇదే కదా అనుకున్నాను, కానీ పైకి అనలేదు. అన్నం తినేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అమ్మ మాత్రం ఒక్కసారి, పచ్చడి వడ్డిస్తూ, "ఆ డ్రైవరు పెండ్లాం ఇంకా నాట్లకు వస్తది" అంది. ఎవరి వైపూ చూడకుండా.

సాయంత్రం ఇద్దరం పొలం దగ్గరికి వెళ్లాం. మైనరు కట్ట ఎక్కే దారి దగ్గర నాయిన ఆగి, చేత్తో కొలిచి చూపించాడు. రెండు మీటర్ల ఎత్తు, ఏడున్నర మీటర్ల పొడవు. నేను ఇంతసేపూ బండిని ఎట్లా బాగుచెయ్యాలా అని చూస్తున్నాను. ఆయన వాలునే చూస్తున్నాడు. "గీ దారిని కట్ట దిక్కు తవ్వి తగ్గిద్దామంటే తవ్వొద్దు. ముప్పారం కాడ సూడలేదా?" అన్నాడు. 2022 సెప్టెంబరులో మా మండలంలోనే ముప్పారం దగ్గర ఎడమ కాలువకి గండి పడి నీళ్లు నిడమనూరు మీదికి వచ్చాయి. అప్పట్నుంచి మా ఊళ్లో కట్టకి పార పెట్టడమంటే పాపంతో సమానం. "తవ్వుడు కాదు. మన పొలం దిక్కు ఇంకింత పొడుగు పోద్దాం. రెండు గుంటలు పోతె పోతది."

ఇంటికొచ్చి లెక్కేశాను. పొడవు ఏడున్నర నుంచి పదిహేనుకి పెంచితే వాలు 15 డిగ్రీల నుంచి ఏడున్నరకి దిగుతుంది. నాలుగు టన్నుల ట్రాలీ గుంజుడు వెయ్యి కిలోల నుంచి అయిదొందల ముప్పైకి వస్తుంది. కొక్కెం కట్ట అంచుకి తగలడమూ ఉండదు, అంచు దగ్గర మలుపు అంత మొండిగా ఉండదు కాబట్టి. అంటే కొక్కెం పైకి లేపాల్సిన అవసరమే పోయింది. రెండు గుంటలు కూడా అక్కర్లేదు, అర గుంట చాలు. ఇదంతా ఆయన కాలిక్యులేటర్ లేకుండానే చూశాడు. లేదా లెక్క కట్టలేదు, కట్ట ఎక్కినప్పుడల్లా నడుముకి తెలిసింది చెప్పాడు.

ఆదివారం పది ట్రాలీల మొరం పోయించాం. నీళ్లు చల్లి, ఖాళీ ట్రాక్టరుతో తొక్కించాం. పక్క పొలం పెద్దాయన వచ్చి, మీ దారి పెద్దదైందేందని అడిగి, తన వడ్లూ అటునుంచే తోలుకుంటానన్నాడు. సోమవారం నేను ఆఫీసుకి లాగిన్ అయ్యేసరికి నాయిన రెండు ట్రిప్పులు కొట్టాడట. బండి ముందు లేవలేదని ఫోన్లో చెప్పాడు.

కమ్మీ సంగతి వానాకాలం నాట్ల ముందు తేలింది. వెల్డింగ్ షాపులో పైపులతో చేయిస్తానన్నాడు, సగం ధరకి. వద్దన్నాను. బోల్తాలో విరిగే కమ్మీ ఉండటం లేకపోవడం కంటే ప్రమాదం, మనిషి నమ్ముకుంటాడు కాబట్టి. పరీక్ష చేసి సర్టిఫికెట్ ఉన్నదే, మడిచే రకం, మిర్యాలగూడ నుంచి వచ్చింది. బిగించిన రోజు అమ్మ ఫొటో పంపింది. కమ్మీకి ఒక పక్క సద్దిగిన్నె సంచీ, ఇంకో పక్క తువ్వాల వేలాడుతున్నాయి. వేప కొమ్మ కొట్టించారు. బెల్టు మాత్రం ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.